కరెంటొచ్చిన అరగంట: ఒక ఆఫీసు బిల్డింగ్‌లో మాగ్జిమం డిమాండ్ తగ్గించిన వివరాలు

బిల్డింగుల్లో కరెంటు ఖర్చు తగ్గించడం నా పని. 2023 మే మొదట్లో ఒక ఫెసిలిటీ మేనేజర్ ఫోన్ చేసి, ఏప్రిల్ కరెంటు బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపాడు. బిల్డింగ్ గచ్చిబౌలి వైపు. రెండు బేస్‌మెంట్లు, గ్రౌండ్, పైన ఎనిమిది అంతస్తులు, దాదాపు రెండున్నర లక్షల చదరపు అడుగులు. 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) సప్లై. కాంట్రాక్టెడ్ డిమాండ్, అంటే కరెంటు కంపెనీతో ఒప్పుకున్న పరిమితి, 1,500 కేవీఏ (లైన్ మీద పడే మొత్తం లోడ్‌కి కొలత). బిల్లులో రికార్డయిన మాగ్జిమం డిమాండ్, అంటే ఆ నెలలో అన్నిటికంటే ఎక్కువ లాగిన లోడ్, 1,548.

పైకి ఇది చిన్న విషయమే. దాటింది 48 కేవీఏ. అప్పటి టారిఫ్‌లో హెచ్‌టీ కమర్షియల్‌కి డిమాండ్ చార్జీ కేవీఏకి నెలకు 475 రూపాయలు. 2022 ఏప్రిల్‌కి ముందు ఇది 390 ఉండేది. ఒప్పందం దాటిన భాగానికి రెట్టింపు పడుతుంది. అంటే 1,500కి 7,12,500, పై 48కి 45,600. అంత పెద్ద బిల్డింగ్‌కి నలభై ఐదు వేల గురించి ఎవరూ నన్ను పిలవరు.

అసలు టెన్షన్ వేరే ఉంది. ఖాళీగా ఉన్న ఎనిమిదో అంతస్తుని ఉన్న కిరాయిదారే తీసుకుంటానన్నాడు. ఆగస్టుకల్లా మనుషులు దిగుతారు. దానికి సుమారు 120 కేవీఏ. అందరికీ కలిపి ఉన్న 11 కేవీ లైన్ మీద 1,500 వరకే ఇస్తారు, 1,501 నుంచి 33 కేవీ తీసుకోవాలి. అంటే కొత్త కేబుల్, కొత్త ట్రాన్స్‌ఫార్మర్, కొత్త ప్యానెళ్లు. కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్ కోటిన్నర దాటింది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడానికి చోటు లేదు. ఉన్న ఒక్క ఖాళీ జాగాలో ఫైర్ ఇంజన్ తిరగాలి.

నిజం చెప్పాలంటే 33 కేవీకి వెళ్తే యూనిట్ 80 పైసలు తగ్గేది, 8.80కి బదులు 8 రూపాయలు. నెలకు మూడు లక్షల పైచిలుకు యూనిట్లు కాల్చే బిల్డింగ్‌కి అది చిన్న మొత్తం కాదు. ఆ లెక్క వేసి ఓనర్ ముందు పెట్టాను. ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు: "బిల్లు కట్టేదెవరు?" కిరాయిదారు. కోటిన్నర పెట్టేది ఓనర్. మన ఆఫీసు బిల్డింగుల్లో సగం మంచి పనులు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి నాకు అప్పజెప్పిన పని ఇది: ఎనిమిదో అంతస్తు నిండాక కూడా 1,500 లోపే ఉండాలి, పెద్ద ఖర్చు ఉండకూడదు.

మాగ్జిమం డిమాండ్ ఎలా కొలుస్తారో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మిగతా పనంతా దాని మీదే నడిచింది. 4,000 కేవీఏ లోపు కనెక్షన్లకు అరగంట అరగంటగా లెక్క. ఆ అరగంటలో వాడిన కేవీఏహెచ్‌ని (కేవీఏ లెక్కలో యూనిట్లని) రెండుతో గుణిస్తే ఆ అరగంట డిమాండ్ వస్తుంది. నెలలో ఉన్న దాదాపు 1,440 అరగంటల్లో అన్నిటికంటే పెద్దది ఏదో అదే బిల్లులోకి ఎక్కుతుంది. మిగతా 1,439 అరగంటలు మనం ఎంత పొదుపుగా ఉన్నా ఆ అంకె మారదు. తగ్గించడానికీ ఒక నేల ఉంది: ఒప్పందంలో 80 శాతానికి, అంటే ఇక్కడ 1,200కి, డబ్బు ఎలాగూ కట్టాల్సిందే. అంతకంటే కిందికి దించితే పైసా మిగలదు.

అందుకే నేను వెళ్లగానే ఎల్‌ఈడీలు, ఏసీలు, కిటికీ గ్లాసులు చూడను. మీటర్ చూస్తాను. హెచ్‌టీ కనెక్షన్‌కి పెట్టే ట్రైవెక్టర్ మీటర్‌లో మాగ్జిమం డిమాండ్ పక్కనే తేదీ, టైమ్ ఉంటాయి. బటన్ నొక్కుతూ పోతే కనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఈ బిల్డింగ్‌లో ఐదేళ్లుగా పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ కూడా ఆ టైమ్ ఎప్పుడూ చూడలేదు. ప్రతి నెలా అంకె రాసుకున్నాడు, గంట రాసుకోలేదు.

నేను, ఫెసిలిటీ మేనేజర్ పందెం వేసుకున్నాం. ఆయన "ఎండ మండిపోయిన రోజే అయి ఉంటుంది" అన్నాడు. నేను "సోమవారం, లంచ్ తర్వాత" అన్నాను. ఇద్దరం ఓడిపోయాం. మీటర్ చూపించింది మంగళవారం, ఏప్రిల్ 18, 16:00. అంటే మూడున్నర నుంచి నాలుగు దాకా ఉన్న అరగంట.

డీజీ (డీజిల్ జనరేటర్) లాగ్‌బుక్ తీయించాను. ఆ రోజు మధ్యాహ్నం గాలివాన. 3:05కి సప్లై పోయింది, 3:31కి వచ్చింది. బయట చల్లబడి, రోడ్ల మీద నీళ్లు పారుతున్న వేళ ఈ బిల్డింగ్ నెల మొత్తంలో అత్యధిక కరెంటు లాగింది.

మొదట యూపీఎస్ బ్యాటరీల మీద అనుమానపడ్డాను. సప్లై రాగానే చార్జింగ్‌కి ఒక్కసారిగా లాగుతాయేమో అని. కాదు. డీజీ 15 సెకన్లలోనే అందుకుంది, బ్యాటరీలు దిగనేలేదు. అసలు విషయం చిల్లర్ ప్లాంట్‌లో తెలిసింది. అక్కడ ఏసీకి చల్లటి నీళ్లు తయారుచేసే యంత్రాలు, అంటే 300 టన్నుల చిల్లర్లు, మూడున్నాయి. రెండు నడవాలి, ఒకటి స్టాండ్‌బై. డీజిల్ ఖర్చుకి భయపడి చిల్లర్లను డీజీ మీద పెట్టలేదు. కరెంటు పోతే ఫ్యాన్లు తిరుగుతాయి, చల్లదనం రాదు. ఇరవై ఆరు నిమిషాల్లో పై అంతస్తులు 27 డిగ్రీలు దాటాయి. ఆ షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌ని కూర్చోబెట్టి అడిగాను.

"కరెంట్ రాంగనే పైనుంచి ఫోన్లు మొదలైతయి సార్, ఉక్కపోస్తుందని. రెండు చిల్లర్లు ఎక్కిస్తే నీళ్లు చల్లబడనీకి ముప్పావుగంట పడతది. అందాక ఎవరు ఆగుతరు? మూడూ ఎక్కిస్త. లేకుంటే నన్నే తిడతరు."

అతని తప్పేం లేదు. అతని పని ఫోన్లు ఆపడం. మూడో చిల్లర్ అంటే ఒక్క కంప్రెసర్ కాదు. దానితోపాటు చిల్డ్ వాటర్ పంపు, కండెన్సర్ పంపు, కూలింగ్ టవర్ ఫ్యాన్ అన్నీ కలిసి 220 కిలోవాట్లు. మిగతా రెండూ వందకి వంద శాతం లోడ్ మీద. అదే సమయంలో ఓవర్‌హెడ్ ట్యాంకు నింపే పంపులు, ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్) బ్లోయర్లు, బేస్‌మెంట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఆగిపోయిన డిష్‌వాషర్లు. అందరూ ఒకేసారి తలుపు దగ్గరికి వచ్చినట్టు. కనెక్టెడ్ లోడ్, అంటే సామానంతా కలిపి ఎంతో, ఎవరికైనా తెలుసు. ఏయే సామాను ఏ అరగంటలో కలుస్తుందో తెలిసినవాళ్లే ఉండరు.

పరిష్కారానికి ఒక్క రూపాయి కూడా పెట్టలేదు. ఒక ఏ4 కాగితం ప్లాంట్ రూమ్ గోడకి అంటించాం. సప్లై వచ్చాక మొదటి చిల్లర్ వెంటనే, కరెంట్ లిమిట్ 80 శాతం మీద. పన్నెండు నిమిషాల తర్వాత రెండోది. మూడోది ఇంజనీర్ చెబితే తప్ప లేదు. నీళ్ల పంపులు, బ్లోయర్లు, ఎగ్జాస్ట్ గంట ఆగి. అలాగే కరెంటు రాగానే అన్ని అంతస్తులకూ ఒక మెసేజ్: "చల్లబడడానికి 40 నిమిషాలు పడుతుంది." ఈ మెసేజే ముఖ్యం. అది వెళ్లాక ఫోన్లు తగ్గాయి, ఆపరేటర్‌కి మూడో బటన్ నొక్కాల్సిన అవసరం తప్పింది. మే మూడో వారంలో మళ్లీ గాలివాన వచ్చింది. ఆ అరగంట 1,362 దగ్గర ఆగింది.

అయితే కొండ వెనక కొండ. ఏప్రిల్ లోడ్ సర్వేలో (మీటర్‌లో నమోదైన అరగంటల రికార్డులో) గాలివాన అరగంటని తీసేసి చూస్తే తర్వాతి అంకె 1,462. సోమవారం, రెండున్నర నుంచి మూడు. నా పందెం అప్పుడు గెలిచింది, ఆలస్యంగా.

ఈ 1,462ని రెండు ముక్కలుగా చూడాలి. బిల్లు కిలోవాట్లలో రాదు, కేవీఏలో వస్తుంది. ఆ అరగంట నిజంగా వాడింది 1,374 కిలోవాట్లే. పవర్ ఫ్యాక్టర్, అంటే కేవీఏలో నిజంగా పనికొచ్చిన వంతు, 0.94. అదే 0.99 ఉంటే 1,388 కేవీఏ సరిపోయేది. ఇక్కడ యూనిట్లు కూడా కేవీఏహెచ్‌లోనే లెక్కిస్తారు కాబట్టి బిల్లులో "పవర్ ఫ్యాక్టర్ జరిమానా" అని విడిగా ఒక లైన్ ఉండదు. లైన్ లేదు కాబట్టి ఎవరి కంటికీ పడదు. డబ్బు మాత్రం పోతూనే ఉంటుంది.

పవర్ ఫ్యాక్టర్‌ని సరిచేసే కెపాసిటర్ ప్యానెల్ తలుపు తీయగానే మాడిన వాసన. 50 కేవార్ (కెపాసిటర్ సైజుకి కొలత) స్టెప్పులు పది. రిలే మాన్యువల్‌లో పెట్టి ఉంది. కొన్నిటి ఫ్యూజులు పోయాయి, మూడు డబ్బాలు పూరీలా ఉబ్బి ఉన్నాయి. క్లాంప్ మీటర్ పెట్టి ఒక్కొక్కటీ చూస్తే పదిలో ఆరు చచ్చిపోయాయి. ఎప్పటి నుంచి అంటే ఎవరూ చెప్పలేదు. యూపీఎస్‌లు, వీఎఫ్‌డీలు (మోటర్ వేగాన్ని మార్చే పరికరాలు) ఇన్ని ఉన్న బిల్డింగ్‌లో రియాక్టర్ లేని మామూలు కెపాసిటర్లు పెడితే హార్మోనిక్స్‌కి, అంటే కరెంటు తరంగంలో వచ్చే వంకరలకి, ఇలాగే ఉడికిపోతాయి. ఈసారి ఆరింటినీ ఆ వంకరల నుంచి కాపాడే 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లతో వేయించాం. ఖర్చు మూడు లక్షల లోపు. డిమాండ్ వైపు మిగిలింది ఒక ఎత్తు, యూనిట్ల వైపు అంతకంటే ఎక్కువ మిగిలింది. మూడు నెలల్లో డబ్బు తిరిగొచ్చేసింది. ఈ మొత్తం పనిలో నాకు నచ్చని భాగం ఇదే, ఎందుకంటే ఇందులో తెలివేమీ లేదు, తలుపు తీసి చూడడమే. తలుపు తీయడానికి బయటి నుంచి మనిషి రావాల్సి వచ్చింది.

తర్వాత క్యాంటీన్. సోమవారం ఆ అరగంటలో రెండు పెద్ద డిష్‌వాషర్లు నడుస్తున్నాయి. లోపల నీళ్లు కాచే హీటర్లతో కలిపి దాదాపు 30 కిలోవాట్లు. వాటిని నాలుగున్నర తర్వాత నడపమని అడిగితే క్యాంటీన్ చూసే ఆయన నవ్వాడు.

"ఉన్నవి తొమ్మిది వందల ప్లేట్లు సార్. తినేవాళ్లు పదమూడు వందలు. ఎప్పటికప్పుడు కడగకపోతే ఆఖరి బ్యాచ్‌కి విస్తరాకుల్లో వడ్డించాలి."

సరే, ఇంకో 400 ప్లేట్లు కొనిపించాం. అంతే. మెషీన్లు ఇప్పుడు నాలుగున్నరకి మొదలవుతాయి. అన్నం మెతుకులు ఎండిపోతాయని గొణిగాడు. నానబెట్టడానికి రెండు స్టీలు తొట్లు కూడా ఇప్పించాం. కేవీఏ చొప్పున లెక్కేస్తే ఈ బిల్డింగ్‌లో ఖర్చు పెట్టిన పనుల్లో ఇదీ చవకైనదే. రిపోర్ట్‌లో "400 ప్లేట్లు" అని రాసినప్పుడు ఓనర్ తరఫు అకౌంటెంట్ ఫోన్ చేసి, ఇది టైపింగ్ పొరపాటా అని అడిగాడు.

ఏసీ వైపు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. బీఎంఎస్‌లో (బిల్డింగ్ యంత్రాలను నడిపే కంప్యూటర్‌లో) డిమాండ్ కంట్రోల్ రాయించాను: డిమాండ్ 1,250 దాటితే ఏహెచ్‌యూలను (అంతస్తులకు చల్లగాలి పంపే యూనిట్లను) వంతులవారీగా పది నిమిషాలు ఆపడం. కాగితం మీద చక్కగా ఉంది. మూడో రోజు నాలుగో అంతస్తులో విదేశీ క్లయింట్లతో మీటింగ్ జరుగుతుండగా ఆ వైపు ఏహెచ్‌యూ వంతు వచ్చింది. అది సరే, క్షమాపణ చెప్పుకుంటే పోతుంది. అసలు దెబ్బ లోడ్ సర్వేలో కనిపించింది. ఆగిన ఏహెచ్‌యూ తిరిగి మొదలైనప్పుడు గది వేడెక్కి ఉంటుంది కాబట్టి వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటుంది. అలాంటివి నాలుగు కలిస్తే చిల్లర్ మళ్లీ వంద శాతానికి ఎక్కుతుంది. ఈ అరగంట 25 కేవీఏ తగ్గింది, వచ్చే అరగంట 40 పెరిగింది. గాలివాన అరగంటలో చూసిన జబ్బునే నేను నా చేత్తో చిన్న మోతాదులో రోజూ పుట్టించాను. తొమ్మిది రోజులకి దాన్ని తీసేయించాను.

ఆపడం కాదు, నెమ్మది చేయడం పనిచేసింది. పదహారు ఏహెచ్‌యూలకీ వీఎఫ్‌డీలు ముందే ఉన్నాయి. కట్టినప్పుడే పెట్టారు, ఆ మేరకు గ్రీన్ బిల్డింగ్ పాయింట్లు కూడా తీసుకునే ఉంటారు. అన్నీ 50 హెర్ట్జ్‌లో మాన్యువల్‌గా తిరుగుతున్నాయి. ఎవరో ఎప్పుడో ఒక కంప్లెయింట్ వచ్చినప్పుడు అలా పెట్టి మరిచిపోయారు. ఫ్యాన్ వేగం పదో వంతు తగ్గిస్తే లాగే కరెంటు నాలుగో వంతుకి పైగా తగ్గుతుంది. 50 నుంచి 45కి దించితే 144 కిలోవాట్లలో 39 పోయాయి, ఎవరికీ తెలియలేదు. 42కి దించితే ఆరో అంతస్తు పడమర మూల తెలిసింది. 45 దగ్గరే ఉంచాం.

సెట్‌పాయింట్ (ఏసీకి పెట్టే ఉష్ణోగ్రత) 22 నుంచి 24కి మార్చడం ఇంజనీరింగ్ పని కాదు, రాజకీయం. ఇళ్లలో వాడే స్టార్ రేటింగ్ ఏసీలకు 2020 జనవరి నుంచి 24 డిగ్రీలే డిఫాల్ట్‌గా ఉండాలని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నిబంధన తెచ్చింది. అయినా ఆఫీసులో 24 అంటే జీతం కోసినట్టు చూస్తారు. హెచ్‌ఆర్ మేడమ్ మొదట ఒప్పుకోలేదు. ఆమెతో కలిసి మూడో అంతస్తు నడిచాం. మే ఎండల్లో వచ్చిన మనుషులు కుర్చీల మీద స్వెటర్లు వేలాడదీసుకున్నారు, ఒకమ్మాయి శాలువా కప్పుకుని కోడ్ రాస్తోంది. మేడమ్ స్వెటర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, పదిహేను దాటాక ఆపేసింది. నెలకు ఒక డిగ్రీ చొప్పున, ఎవరికీ చెప్పకుండా మార్చాం. చెప్పి మార్చిన ఒక అంతస్తులో మాత్రం మార్చకముందే కంప్లెయింట్లు వచ్చాయి.

ఇక ముందే చల్లబరచడం. సోమవారం పొద్దున బిల్డింగ్ రెండు రోజుల ఎండ మింగి ఉంటుంది. ఎనిమిదిన్నరకి చిల్లర్ మొదలుపెడితే మధ్యాహ్నం దాకా అది ఆ పాత వేడితోనే కుస్తీ పడుతుంది, ఈలోగా కొత్త వేడి వచ్చి చేరుతుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అప్పట్లో యూనిట్‌కి రూపాయి తగ్గింపు ఉండేది కదా అని మొదట నాలుగున్నరకే మొదలుపెట్టి చూశాం. తొమ్మిదిన్నరకి ఏమీ మిగల్లేదు. చుట్టూ గాజు, పైన ఫాల్స్ సీలింగ్. స్లాబు చల్లబడే దారే లేదు, గాలి మాత్రం చల్లబడి గంటలో పోతుంది. ఏడున్నరకి మొదలుపెడితే పనిచేసింది, కానీ పొద్దున ఆరు నుంచి పది మధ్య యూనిట్‌కి రూపాయి అదనం. ఒక చిల్లర్ సెట్టు గంటకు 240 యూనిట్లు అనుకుంటే రోజుకి 240 రూపాయలు. నెలలో 22 రోజులూ చేస్తే 5,280, అంటే 11 కేవీఏ డిమాండ్ చార్జీతో సమానం. వచ్చే లాభం 20 కేవీఏ. సగం ఇటే పోయింది. కానీ మాగ్జిమం డిమాండ్ పుట్టేది సోమవారాలే, లేదా పండగ సెలవు మర్నాడు. ఆ నాలుగైదు రోజులే ఏడున్నరకి మొదలుపెడితే నెలకు పన్నెండు వందల రూపాయలు దాటదు, లాభం మొత్తం దక్కుతుంది. పొద్దున్నే రావాలి కాబట్టి ఆ ఆపరేటర్ సోమవారాలు గంట ముందు దిగిపోతాడు.

సోలార్ పెట్టొచ్చు కదా అని అందరూ అడిగారు. టెర్రస్ మీద కూలింగ్ టవర్లు, నీళ్ల ట్యాంకులు పోగా మిగిలిన చోటుకి 80 కిలోవాట్లు పడతాయి. యూనిట్లు తగ్గించుకోవడానికి మంచిదే, పెట్టుకోమన్నాను. మాగ్జిమం డిమాండ్ కోసం మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నెలలో 29 రోజులు కాసి, ఒక్క సోమవారం మధ్యాహ్నం అరగంట మబ్బు పడితే డిమాండ్ వైపు ఆ నెల లాభం పోయినట్టే. గాలివాన అరగంటలో సోలార్ సంగతి చెప్పనక్కర్లేదు.

కట్టేటప్పుడే ఆలోచించి ఉంటే కథ వేరు. మన హైదరాబాద్‌లోనే పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో ఒకే భవనాన్ని రెండు సగాలుగా కట్టారు. ఒక సగానికి మామూలు ఏసీ, ఇంకో సగానికి స్లాబులో పైపులు వేసి చల్లటి నీళ్లు పారించే రేడియంట్ కూలింగ్. రెండో సగం ఏసీకి సుమారు మూడో వంతు తక్కువ కరెంటు వాడింది. అలాంటి స్లాబు ఉంటే తెల్లవారుజామున నిల్వ చేసిన చల్లదనం మధ్యాహ్నానికి పనికొచ్చేది. కట్టి పదేళ్లయిన గాజు డబ్బాకి ఆ సలహా ఇవ్వలేం.

ఫలితాలు. 2023 జూన్ బిల్లులో మాగ్జిమం డిమాండ్ 1,296. ఏప్రిల్ బిల్లు డిమాండ్ భాగం 7,58,100, జూన్‌ది 6,15,600. తేడా లక్షా నలభై రెండున్నర వేలు. ఫెసిలిటీ మేనేజర్ దీన్ని స్లైడ్‌లో పెట్టుకున్నాడు. నేను వద్దన్నాను. జూన్ రెండో సగంలో వానలు మొదలయ్యాయి, అది ఏప్రిల్‌తో పోల్చే నెల కాదు. నిజమైన పరీక్ష 2024 ఏప్రిల్. అప్పటికి ఎనిమిదో అంతస్తు నిండింది, ఎండలూ గట్టిగానే ఉన్నాయి. ఆ నెల అంకె 1,417. సోమవారం, రెండున్నర నుంచి మూడు. ఒక అంతస్తు పెరిగి కూడా పాత ఏప్రిల్ కంటే 131 తక్కువ, గీతకి 83 దూరం. 33 కేవీ ఫైలు పక్కన పెట్టేశారు.

ఆ 83 కూడా ఎన్నాళ్లుంటుందో చూడాలి. ఈమధ్య బేస్‌మెంట్‌లో ఈవీ చార్జర్లు పద్నాలుగు పెట్టారు, ఒక్కొక్కటి 7.4 కిలోవాట్లు. అందరూ తొమ్మిదిన్నరకి వచ్చి ప్లగ్ పెడతారు, రెండున్నరకి కూడా సగం కార్లు లాగుతూనే ఉంటాయి. సోమవారాలు రెండు నుంచి మూడున్నర దాకా చార్జర్లు ఆపుదామన్నాను. పార్కింగ్ కమిటీ ఒప్పుకోలేదు. ఇంకో మీటింగ్ ఉంది.